వాన నమ్మకం లేని కాలంలో దుంపపంటలు: ఒడిశా సరిహద్దు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళు చాలామందే ఉన్నారు. వారికి వరి, రాగి ముఖ్యం. దుంపలు పెరట్లోనో, గరువు (మెట్ట) భూమిలోనో, కొండవాలులోనో ఒక మూల ఉంటాయి. వానలు తడబడుతున్న ఈ రోజుల్లో ఆ మూలకు విలువ పెరిగింది. సంతల్లో, పొలం గట్ల మీద మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

ఇక్కడ దుంపలంటే ఏవి?

చిలగడదుంప, కర్రపెండలం, చేమ, కంద, తీగపెండలం. అడవి నుంచి తవ్వి తెచ్చుకునే దుంపలు వేరు, వాటి గురించి చివర్లో చెప్పాం. చిలగడదుంప సాగులో దేశంలో ముందున్న రాష్ట్రం ఒడిశాయే. కాబట్టి ఈ పంట మనకు కొత్తదీ కాదు, ఎక్కడి నుంచో తెచ్చి అంటగట్టిందీ కాదు.

వాన నిజంగానే మారిందా, లేక పెద్దవాళ్ళు ప్రతి కాలంలోనూ ఇదే మాట అంటారా?

మారింది. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఒడిశాతో కలిపి మధ్య భారతాన్ని చూస్తే, 1950 నుంచి 2015 మధ్య విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయి. ఏడాది మొత్తం వాన ఇంచుమించు అంతే ఉన్నా, అది పడే తీరు వేరు. నాట్ల వేళ ముఖం చాటేస్తుంది, తర్వాత రెండు రోజుల్లో నెల వాన కుమ్మరిస్తుంది.

ఇక తుఫానుల సంగతి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. అన్నీ వరి పొట్టకొచ్చి, వెన్ను తీసి, పాలు పోసుకునే రోజుల్లోనే వచ్చాయి. తిత్లీ నాడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి. ఆ రాత్రిని ఇక్కడ ఎవరూ మరచిపోలేదు.

వరి దెబ్బతిన్న చోట దుంప ఎలా నిలబడుతుంది?

వరికి పూత గండం ఉంది. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడిపోయి గింజ తాలు పోతుంది. ఆ కొద్ది రోజుల్లో బెట్ట వచ్చినా, గాలివాన కొట్టినా నాలుగు నెలల కష్టం పోయినట్టే.

దుంపకు ఆ గండం లేదు. అది పూయకపోయినా, కాయకపోయినా మనకు నష్టం లేదు. నేలలో నెలల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. మధ్యలో ఇరవై రోజులు వాన మొండికేస్తే ఊరడం ఆపేస్తుంది, వాన వచ్చాక మళ్ళీ మొదలుపెడుతుంది. దిగుబడి తగ్గవచ్చు, కానీ చేను మొత్తం తుడిచిపెట్టుకుపోవడం అరుదు.

ఈ విషయంలో కర్రపెండలానికి మించినది లేదు. గాలి పొడిబారగానే ఆకు మీది సూక్ష్మ రంధ్రాలను మూసుకుంటుంది. బెట్ట ముదిరితే ఆకులు రాల్చి కాండంతో బతుకుతుంది. తొలకరి పడగానే దాచుకున్న పిండితో కొత్త చిగురు వేస్తుంది. ఎండాకాలంలో మోడులా కనిపించే చేనును చూసి పంట పోయిందనుకుని పీకేయకండి.

అయితే దుంపలన్నీ ఎండకు ఓర్చుకుంటాయా?

లేదు. దుంపలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది నష్టపోతున్నారు.

చేమకు నీరు కావాలి. పల్లంలో, కాలువ పక్కన, వరిమడి గట్టు కింద అది సుఖంగా ఉంటుంది. గరువు భూమిలో వాన నమ్ముకుని వేస్తే బెట్టకు మొదట వాడేది అదే. చిలగడదుంప, కర్రపెండలం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎండను భరిస్తాయి కానీ వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే ఊపిరాడక కుళ్ళిపోతాయి. కంద, తీగపెండలం నడిమి రకం. మొలిచి నిలదొక్కుకున్నాక కొంత బెట్టకు ఓర్చుకుంటాయి, కానీ ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండాలి కాబట్టి వానాకాలం మరీ కుదించుకుపోతే దుంప చిన్నదవుతుంది.

చిలగడదుంపకు కూడా ఒక సున్నితమైన దశ ఉంది. తీగ నాటిన మొదటి నెల రోజుల్లోనే ఏ వేరు దుంపగా మారాలో తేలిపోతుంది. అప్పుడు తడి లేకపోతే తర్వాత ఎంత నీరు పెట్టినా దుంపల సంఖ్య పెరగదు. ఉన్న కాస్త నీటినీ ఆ నెలకే దాచండి. నేల బాగా వేడెక్కినా, యూరియా ఎక్కువైనా తీగ దట్టంగా అల్లుకుంటుంది, తవ్వి చూస్తే దుంప ఉండదు.

ప్రతి ఏడాదీ తొలకరికి చిలగడదుంప తీగ దొరకడం లేదు. ఏం చేయాలి?

ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఈ జవాబు చదవండి. కరువు ఏడాది దుంపపంటను చంపేది బెట్ట కన్నా నాటు, అంటే నాటడానికి కావాల్సిన తీగ, కర్ర, లేకపోవడమే. వరి విత్తనం బస్తాలో ఏడాది ఉంటుంది. చిలగడదుంప తీగ కోసిన కొద్ది రోజులకే ఎండిపోతుంది. వేసవిలో తీగ చచ్చిపోతే, జూన్‌లో ఎంత మంచి వాన పడినా నాటడానికి ఏమీ ఉండదు. పక్క ఊరి వాళ్ళదీ అదే పరిస్థితి కనుక సంతలో దొరికేది ముదురు తీగ, పురుగు తీగ. దాని వెంట దుంపను పాడుచేసే ముక్కుపురుగును కూడా కొని తెచ్చుకుంటాం.

ఎకరం చేనుకు నాటు కావాలంటే మొదలుపెట్టడానికి ఒక సెంటు చాలు. ఇది ఊరికే చెప్పే మాట కాదు. దుంపపంటల శాస్త్రవేత్తలు హెక్టారుకు 100 చదరపు మీటర్ల మొదటి నారుమడి, 500 చదరపు మీటర్ల రెండో నారుమడి చెబుతారు. మన లెక్కలో అవి ఎకరానికి ఒక సెంటు, అయిదు సెంట్లు.

నాటడానికి మూడు నెలల ముందు, అంటే జూన్ చివర్లో నాటాలనుకుంటే మార్చి ఆఖరుకు, పురుగు తగలని మధ్యరకం దుంపలు 30–40 కిలోలు తీసుకోండి. ఒక్కోటి 125–150 గ్రాములు ఉంటే మంచిది. బావి పక్కనో, బోరింగు నీళ్ళు పారే చోటో సెంటు నేలలో అరవై సెంటీమీటర్ల ఎడంతో బోదెలు వేసి, ఇరవై సెంటీమీటర్లకు ఒక దుంప పెట్టండి. నలభై నలభై అయిదు రోజులకు తీగ కోతకొస్తుంది. దాన్ని కోసి అయిదు సెంట్లలో నాటండి. మరో నెలన్నరకు ఎకరానికి సరిపడా నాటు, సుమారు 33 వేల ముక్కలు, మీ చేతిలో ఉంటాయి. కొస భాగం 20–40 సెంటీమీటర్ల ముక్క మేలు. కోసిన తీగను ఆకులతో సహా రెండు రోజులు నీడలో ఉంచి నాటితే వేరు త్వరగా పడుతుంది.

ఆ ఒక్క సెంటుకు ఏప్రిల్, మే నెలల్లో నీరు పెట్టడం చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ మీదే పడుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు మళ్ళించి తీగను బతికించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనికి సేద్యంలో దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు. ఊరికి రెండు మూడు ఇళ్ళయినా ఇలా వేసవి తీగ నిలిపి మిగతావారికి అమ్మితే వారికి నాలుగు రూపాయలు వస్తాయి, ఊరంతటికీ నాటు దొరుకుతుంది.

మిగతా దుంపల నాటు సంగతి?

కర్రపెండలానికి ఎనిమిది నుంచి పది నెలల కాండం కావాలి. కోత తర్వాత కర్రలను పొయ్యిలో పెట్టేయకుండా, తెగులు లేని మొక్కలవి ఏరి, చెట్టు నీడన నిలువుగా నిలబెట్టండి. పడుకోబెడితే ఎండిపోతాయి. నాటేటప్పుడు 15–20 సెంటీమీటర్ల ముక్కలు చేసుకోవాలి. 90 సెంటీమీటర్ల ఎడంలో ఎకరానికి సుమారు అయిదు వేల ముక్కలు పడతాయి. కంద, తీగపెండలం కొంతకాలం నిద్రలో ఉంటాయి కనుక వేసవిని వాటంతట అవే దాటేస్తాయి. గాలి తగిలే నీడలో పరిస్తే చాలు. కంద ముక్కలు కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడిమి మొగ్గలో కొంత భాగం ఉండాలి. ముక్కలను పేడనీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టి నాటండి. చేమకు 20–25 గ్రాముల పిల్లదుంపలు సరిపోతాయి.

తుఫాను హెచ్చరిక వచ్చింది. చేనులో దుంపలున్నాయి. తవ్వేయాలా?

పక్వానికి వచ్చినవైతే తవ్వండి. రానివైతే గాలికి భయపడవద్దు, నీటికి భయపడండి. గాలి ఆకును చింపుతుంది, కర్రపెండలం కాండాన్ని విరుస్తుంది, కానీ నేలలోని దుంపను ఏమీ చేయలేదు. చేను చుట్టూ కాలువ తీసి, పల్లం వైపు గండి కొట్టి, బోదెల మధ్య నీరు నిలవకుండా చూడండి. తుఫాను వెళ్ళాక ఒకటి రెండు రోజుల్లో నీరు దిగిపోవాలి. నాటు కోసం కొంత తీగ, కొన్ని కర్రలు మెరక మీదికి చేర్చడం మరవవద్దు.

వరి పోయినవారు పది పదిహేను రోజుల్లో, నేలలో తడి ఉండగానే, చిలగడదుంప నాటవచ్చు. 90–120 రోజుల పంట. కార్తీకంలో నాటితే మాఘానికి చేతికొస్తుంది. వంశధార, నాగావళి ఒడ్డున ఇసుక కలిసిన భూములు దీనికి బాగా సరిపోతాయి. దీనికీ తీగ సిద్ధంగా ఉండాలి.

ముక్కుపురుగు ఎందుకు ఎక్కువైంది?

బెట్టకు నేల నెర్రెలు వేస్తుంది. ఆ నెర్రెల్లోంచి పురుగు దుంప దాకా వెళ్ళి గుడ్లు పెడుతుంది. పొడి రోజులు పెరిగేకొద్దీ దానికి దారి సులువవుతోంది. నెలకొకసారి బోదెకు మట్టి ఎగదోయడం ఏ మందు కన్నా మేలు. లింగాకర్షక బుట్టలు 100 చదరపు మీటర్లకు ఒకటి చొప్పున పెడితే మగ పురుగులు పడిపోతాయి. దుంప తయారయ్యాక నేలలో ఉంచవద్దు. తవ్వకం తర్వాత పాత తీగ, పుచ్చు దుంపలు చేనులో వదలవద్దు. అదే మడిలో ఒక పంట వరి వేసి నీరు నిలిపితే మిగిలిన పురుగు చస్తుంది.

పుచ్చిన దుంప చేదెక్కుతుంది. దాన్ని పశువులకు కూడా పెట్టకండి, అందులో పుట్టే విషం వాటి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

కర్రపెండలం ఆకులు ముడుచుకుని, చివర తెల్లగా పిండి పట్టినట్టుంది.

పిండినల్లి. కర్రపెండలాన్ని నాశనం చేసే దక్షిణ అమెరికా రకం పిండినల్లి మన దేశంలో మొదట 2020లో కేరళలో కనిపించి, తమిళనాడుకు పాకింది. పొడి, వేడి వాతావరణం దానికి ఇష్టం. 2022లో ఆఫ్రికాలోని బెనిన్ దేశం నుంచి తెచ్చిన ఒక చిన్న కందిరీగ జాతి పురుగును తమిళనాడు చేలల్లో వదిలారు. అది పిండినల్లిలో గుడ్లు పెట్టి చంపుతుంది. అందుకే ఎడాపెడా మందులు కొట్టవద్దు, మేలు చేసే పురుగులు ముందు చస్తాయి. బయటి రాష్ట్రాల నుంచి కర్రలు తెప్పించుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఆకు పసుపు, ఆకుపచ్చ మచ్చలతో వంకర పోతే అది మొజాయిక్ తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, నాటు కర్ర ద్వారా ఏటేటా కొనసాగుతుంది. అలాంటి మొక్క నుంచి ఒక్క ముక్క కూడా నాటుకు తీయవద్దు.

చేమ ఆకులు వారంలో మాడిపోయాయి.

ముసురు పట్టి, రాత్రుళ్ళు చల్లబడితే వచ్చే ఆకుమాడు తెగులు ఇది. దీని బలం ఎంతటిదో సమోవా దీవుల వాళ్ళను అడగాలి. 1993లో అక్కడ అడుగుపెట్టి, ఆ దేశపు ప్రధాన ఆహారమైన చేమను దాదాపు మొత్తం తుడిచిపెట్టింది. దీవులన్నిటా ఎక్కువగా ఒకే రకం వేసుకోవడం అందుకు పెద్ద కారణం. మనం ఆ పొరపాటు చేయనక్కర్లేదు. ఈ తెగులుకు ఓర్చుకునే ‘ముక్తకేశి’ రకం ఒడిశాలో ఉంది. దానితోపాటు ఊళ్ళోని పాత రకాలు కూడా రెండు మూడు వరుసలు వేసుకోండి.

బెట్ట ఏడాది కర్రపెండలం చేదుగా ఉంది. తినవచ్చా?

చేదుగా ఉన్నదాన్ని అలాగే తినవద్దు. కర్రపెండలంలో సహజంగానే సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. మొక్క బెట్టకు గురైతే అది పెరుగుతుంది. 1981 కరువులో మొజాంబిక్ దేశంలో సరిగా శుద్ధి చేయని చేదు దుంపలు తిని వేయిమందికి పైగా కాళ్ళు చచ్చుబడ్డాయి. వారిలో ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్ళు. ఆకలి వేళ ఆదుకునే పంటే తొందరపాటుతో కీడు కూడా చేయగలదు.

తొక్క మందంగా తీయండి, విషం అక్కడే ఎక్కువ. చిన్న ముక్కలు కోసి నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో మూత లేకుండా ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి. పచ్చిదుంప పిల్లలకు ఇవ్వవద్దు. ఉడికించినా చేదు పోకపోతే పారేయండి. సగ్గుబియ్యం మిల్లుల కోసం పెంచే రకాల్లో చేదు ఎక్కువ ఉంటుంది కనుక, ఇంటి తిండికి వేసే రకం ఏదో నాటేటప్పుడే అడిగి తెలుసుకోండి.

నారింజ రంగు, ఊదా రంగు చిలగడదుంపలు మంచివేనా?

మంచివే. భువనేశ్వర్‌లోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వీటి మీద పనిచేస్తోంది. నారింజ రంగు ‘భూ సోనా’లో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ఒంట్లో అది విటమిన్ ఎ అవుతుంది, పిల్లల చూపుకు మేలు. ఊదా రంగు ‘భూ కృష్ణ’ ఉప్పు నేలకు కొంత ఓర్చుకుంటుంది కనుక గంజాం తీరం వైపు వారు వేసి చూడవచ్చు. తెల్ల దుంపకు అలవాటుపడిన నోటికి నారింజ రకం కొంచెం మెత్తగా అనిపిస్తుంది.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే దుంపలు ఇంకా బాగా ఊరతాయట. నిజమేనా?

కొంత నిజం. పిండి దాచుకోవడానికి దుంపలో చోటుంటుంది కనుక ఆ వాయువును ఈ పంటలు బాగా వాడుకుంటాయి. కానీ నీరు నిలిచి కుళ్ళిన చేనుకు, నాటు దొరకని ఊరికి దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

కొండవాలులో దుంపలు వేయవచ్చా?

నిటారు వాలులో వద్దు. దుంప తీయాలంటే నేల తవ్వాలి, తవ్విన నేల తర్వాతి వానకు కొట్టుకుపోతుంది. తిత్లీ నాటి చరియలు చూసిన మనకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. తక్కువ వాలులోనైతే బోదెలు వాలుకు అడ్డంగా వేయండి. మధ్యమధ్య కంది గానీ, గడ్డి గానీ వరుసలుగా పెంచండి. కంద, తీగపెండలం చెట్ల కింద పాక్షిక నీడలోనూ వస్తాయి కాబట్టి జీడిమామిడి, పనస తోటల్లో వేసుకోవచ్చు.

అడవి దుంపల మాటేమిటి?

సవర, కోంద్, పరజ, గదబ కుటుంబాలు రాగులు అయిపోయి కొత్త పంట రాని నెలల్లో వీటి మీదే గడుపుకుంటూ వచ్చాయి. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సాగుగా గుర్తించింది. ఆ గౌరవం ఈ కుటుంబాల జ్ఞానానికి దక్కింది. కొన్ని అడవి దుంపలు విషపూరితం. పలుచగా కోసి పారే నీటిలో రోజుల తరబడి నానబెడితే గానీ తినరాదు. తెలిసిన పెద్దలు పక్కన లేకుండా తవ్వి వండవద్దు. తవ్వేవారు దుంప తల భాగాన్ని తీగతో సహా గుంతలోనే ఉంచి మట్టి కప్పితే వచ్చే ఏడు మళ్ళీ ఊరుతుంది.

పిల్లలు ఇది పేదల తిండి అంటున్నారు.

కందబచ్చలి లేని పెళ్ళి భోజనం మన తూర్పు తీరంలో ఉందా? పొరుగున ఒడియా ఇళ్ళలో చేమ, కంద లేని దాల్మాకు (కూరగాయల పప్పుకు) రుచేది? కార్తీకంలో ఉపవాసం విడిచి చిలగడదుంప తినే ఇంట్లోనే ఆ మాట వినిపించడం బాధగా ఉంటుంది. పిల్లలతో వాదించకుండా, నిప్పుల్లో కాల్చిన దుంపను వేడివేడిగా చేతిలో పెట్టండి.

తవ్వాక ఎన్నాళ్ళు నిలవ ఉంటాయి?

కర్రపెండలం రెండు మూడు రోజులే. అమ్మకం కుదిరాకే తవ్వండి, లేదా ముక్కలు కోసి ఎండబెట్టండి. చిలగడదుంపను గాయాలు ఆరేదాకా వారం నీడలో ఉంచి ఇసుకలో పరిస్తే కొన్ని వారాలు ఆగుతుంది. కంద, తీగపెండలం నెలలు నిలుస్తాయి.

వరి మానేసి దుంపలే వేయమంటారా?

వద్దు. దుంపలో పిండి ఉంటుంది, మాంసకృత్తులు తక్కువ. ఎకరం, రెండెకరాలవారు పది పదిహేను సెంట్లతో మొదలుపెట్టి, పక్కన కంది, మినుము ఉంచుకోవాలి. ధర పడిపోయినా ఇంట్లో తినగలిగినంతే వేయడం క్షేమం.

బీమా వర్తిస్తుందా?

ఫసల్ బీమాలో ఏ పంటలుంటాయో రాష్ట్రం, జిల్లా, కాలాన్ని బట్టి ప్రకటిస్తారు. నాటడానికి ముందే బ్లాకు వ్యవసాయ కార్యాలయంలో అడగండి. ఒడియా చదవలేనివారు ఫారం మీద పంట పేరు, సర్వే నంబరు తెలిసినవారి చేత చదివించుకుని గానీ సంతకం చేయవద్దు.

సలహాకు, మంచి నాటుకు ఎవరిని అడగాలి?

గజపతి వారికి ఆర్. ఉదయగిరిలో, రాయగడ వారికి గుణుపురంలో, కోరాపుట్ వారికి సెమిలిగుడలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. సరిహద్దుకు అవతల ఆంధ్రలోని రస్తాకుంటుబాయి, ఆమదాలవలస కేంద్రాల్లో తెలుగులోనే మాట్లాడవచ్చు. కంద రకాల కోసం కొవ్వూరు ఉద్యాన పరిశోధన కేంద్రాన్ని అడగండి, ఇప్పుడు ఎక్కువగా సాగవుతున్న ‘గజేంద్ర’ కంద ఆ ప్రాంతం నుంచి వచ్చినదే. నాటు కోసం జూన్‌లో వెళితే అయిపోయిందంటారు. సంక్రాంతి వెళ్ళగానే అడిగి ఉంచండి.